కేటాయించిన సొమ్ము చేరేదెప్పుడు?

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలలు రాగానే శాసనసభల్లో బడ్జెట్ల సందడి మొదలవుతుంది. ఆర్థికమంత్రి ప్రసంగం ముగియకముందే మన పెద్దలు, సంఘాల నాయకులు, పత్రికలవారు ఒకే అంకె కోసం వెదుకుతారు. మైనారిటీ సంక్షేమానికి ఈసారి ఎంత ఇచ్చారు? నిరుటి కంటే ఎక్కువైతే సన్మానాలు, అభినందన ఫ్లెక్సీలు. తక్కువైతే ఖండనలు, ధర్నాలు. తెలంగాణ ప్రభుత్వం ఈ శాఖకు 2024-25లో 3,003 కోట్ల రూపాయలు, 2025-26లో 3,591 కోట్లు కేటాయించింది. పెంపు స్వాగతించదగినదే. అయితే ఆ అంకె వెలువడిన నాటి నుంచి మరుసటి మార్చి 31 వరకు దానికి ఏమి జరిగిందో అడిగేవారు మనలో బహు కొద్దిమంది. పేదవాడి గడపకు మేలు చేరుతుందా లేదా అన్నది తేలేది ఆ పన్నెండు నెలల్లోనే.

కేటాయింపు వేరు, విడుదల వేరు, చెల్లింపు వేరు. ఈ మూడింటి మధ్య తేడాను మనం పట్టించుకోనంత కాలం ప్రభుత్వాలు మొదటి మాటతోనే మనల్ని తృప్తిపరుస్తూ వస్తాయి.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితం గడిపిన వాడిగా ఈ దారిని క్లుప్తంగా వివరిస్తాను. రాజ్యాంగంలోని 202వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం తన ఆదాయ వ్యయాల అంచనాను సభ ముందు ఉంచుతుంది. 203వ అధికరణం కింద శాఖల వారీ డిమాండ్లపై సభ ఓటు వేస్తుంది. 204వ అధికరణం కింద ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదం పొందుతుంది. ఇంతటితో సంచిత నిధి నుంచి డబ్బు తీయడానికి అనుమతి మాత్రమే లభిస్తుంది. డబ్బు కదలదు. ఆర్థిక శాఖ బడ్జెట్ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వును శాఖాధిపతి జిల్లాలకు పంచాలి. డ్రాయింగ్ అధికారి 2225 పద్దు కింద బిల్లు తయారు చేసి ట్రెజరీకి పంపాలి. ట్రెజరీ పరిశీలించి టోకెన్ నంబరు ఇచ్చి పాస్ చేయాలి. ఆపైన రాజధానిలోని ఆర్థిక శాఖ నగదు విడుదలకు పచ్చజెండా ఊపాలి. అప్పటికి గాని విద్యార్థి ఖాతాలోనో కళాశాల ఖాతాలోనో సొమ్ము పడదు.

ఈ దారిలో ఎక్కడైనా నిధులు ఆగవచ్చు. విడుదల ఉత్తర్వే రాకపోవచ్చు. ఉత్తర్వు వచ్చినా బిల్లు ఆలస్యం కావచ్చు. బిల్లు పాసైనా నగదు లేక నెలల తరబడి టోకెన్ నంబరుగానే మిగిలిపోవచ్చు. మార్చి 31 దాటితే ఖర్చుకాని కేటాయింపు మురిగిపోతుంది. కొత్త ఏడాదిలో పాత బకాయికి కొత్త బడ్జెట్టు నుంచే చెల్లించాలి. అంటే ఈ ఏటి విద్యార్థి వంతు నుంచి నిరుటి విద్యార్థికి ఇస్తారు. ఈ ఏటి వాడు మళ్లీ వచ్చే ఏటి కోసం ఎదురుచూస్తాడు. బకాయిల గొలుసు తయారయ్యేది ఇలాగే.

ఈ గొలుసు బరువు ఎవరి మీద పడుతోంది? 2008-09లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం ఎన్నో ముస్లిం కుటుంబాలలో మొట్టమొదటి ఇంజనీరును, మొట్టమొదటి ఫార్మసిస్టును తయారు చేసింది. ఆ మేలు ఎవరూ కాదనలేరు. కానీ రెండు రాష్ట్రాల్లోనూ ఆ పథకం బకాయిల కోసం కళాశాలల యాజమాన్యాలు, విద్యార్థి సంఘాలు ఏళ్ల తరబడి ఆందోళన చేస్తూనే ఉన్నాయి. ప్రభుత్వం చెల్లించలేదని కళాశాల విద్యార్థి ధ్రువపత్రాలు పట్టి ఉంచుతుంది. చదువు పూర్తయిన అమ్మాయి ఉద్యోగ ఇంటర్వ్యూకు టి.సి., మార్కుల జాబితా చూపలేకపోతుంది. తండ్రి బంగారం తాకట్టు పెట్టో, వడ్డీకి తెచ్చో ఫీజు కట్టి కాగితాలు విడిపిస్తాడు. ఆ తర్వాత ఎప్పుడో సొమ్ము మంజూరైనా అతను కట్టిన వడ్డీ తిరిగి రాదు.

2024 అక్టోబరులో దసరా సెలవులు ముగిసి పిల్లలు తిరిగివచ్చే వేళకు తెలంగాణలో పలుచోట్ల గురుకులాల అద్దె భవనాలకు యజమానులు తాళాలు వేశారు. అద్దె బకాయి పేరుకుపోయిందన్నది వారి ఫిర్యాదు. ఆ గురుకులాలకు బడ్జెట్లో కేటాయింపు లేక కాదు. ఉన్న కేటాయింపు సమయానికి అద్దెగా మారలేదు. గేటు బయట పెట్టె బేడాతో నిలబడ్డ పిల్లలకు కేటాయింపుల పుస్తకం ఏ సమాధానమూ చెప్పలేదు.

దీనిని ఆలస్యం అనే చిన్న మాటతో సరిపెట్టడం తగదు. ప్రభుత్వం సమయానికి ఇవ్వని ప్రతి రూపాయినీ ఎవరో ఒకరు తమ జేబులోంచి పూరిస్తున్నారు. కూరగాయలు సరఫరా చేసే చిన్న వ్యాపారి, నెలల తరబడి జీతం అందని పొరుగుసేవల ఉద్యోగి, గౌరవ వేతనం కోసం ఎదురుచూసే ఇమాం, మౌజన్, ఫీజు కట్టుకున్న తండ్రి, వీరందరూ ప్రభుత్వానికి వడ్డీలేని చేబదులు ఇస్తున్నట్లే. కేంద్ర పథకాల నిధులను రాష్ట్రం గడువులోగా నోడల్ ఖాతాకు బదిలీ చేయకపోతే ఏటా 7 శాతం చొప్పున వడ్డీ చెల్లించాలని కేంద్ర ఆర్థిక శాఖ 2023లో నిబంధన పెట్టింది. ఒక ప్రభుత్వం మరొక ప్రభుత్వానికి చేసిన ఆలస్యానికి వడ్డీ ఉన్నప్పుడు పేద విద్యార్థికి చేసిన ఆలస్యానికి కనీసం సంజాయిషీ అయినా ఉండవద్దా?

కేంద్రంలోనూ కథ ఇదే. సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది జనవరిలో మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏర్పడింది. 2022-23 బడ్జెట్లో ఆ శాఖకు 5,020.50 కోట్లు కేటాయించారు. ఆ ఏడాది గడవకముందే సవరించిన అంచనా 2,612.66 కోట్లకు దిగింది. సగానికి దగ్గరగా కోత. మరుసటి ఏడాది కేటాయింపే 3,097.60 కోట్లకు తగ్గింది. 2022లోనే 1 నుంచి 8 తరగతుల పిల్లలకు ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్పు నిలిపివేశారు. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పునూ ఆపేశారు. ఖర్చు కాని నిధి మరుసటి ఏడాది కోతకు సాకు అవుతుంది. "ఇచ్చినది ఖర్చు చేయలేకపోయారు కదా, ఇంకా ఎందుకు?" అని ఆర్థిక శాఖ అడుగుతుంది. విడుదల చేయనిదీ, ఖర్చు కాలేదని తప్పు పట్టేదీ ఒకే వ్యవస్థ కావచ్చు. అయినా శిక్ష పడేది పిల్లవాడికే.

డబ్బు కదిలిన చోట కూడా కాపలా లేకపోతే ఏమవుతుందో 2023లో వెలుగుచూసిన స్కాలర్‌షిప్పుల కుంభకోణం చెబుతుంది. అనుమానాస్పదంగా తోచిన 1,572 విద్యాసంస్థలను పరిశీలిస్తే 830 సంస్థలు బూటకమో, పని చేయనివో అని తేలింది. 144.83 కోట్ల రూపాయల నష్టాన్ని లెక్కకట్టి కేంద్రం కేసును సి.బి.ఐ.కి అప్పగించింది. లేని బడి పేరిట, లేని విద్యార్థి పేరిట సొమ్ము తీసుకున్నవారు దోచినది ఖజానాను మాత్రమే కాదు, నిజమైన విద్యార్థుల వంతును, వారి పరువును. ఇలాంటి దొంగతనాన్ని మనవాళ్లు చేసినా, పరాయివాళ్లు చేసినా ఒకే గొంతుతో ఖండించాలి. ప్రజాధనం అమానత్. దానిలో చేయిపెట్టినవాడి కులమూ మతమూ చూడనక్కరలేదు.

ఈ రోగం మనకు మాత్రమే ఉన్నది కాదు. ఆఫ్రికా ఖండంలోని ఉగాండా అనుభవం ఇక్కడ తెలుసుకోదగినది. 1990ల ఆరంభంలో ఆ దేశం ప్రాథమిక విద్యకు నిధులు పెంచింది. లెక్కల పుస్తకాల్లో సొమ్ము విడుదలైంది. కానీ బడుల్లో మార్పు కనిపించలేదు. 1996లో 250 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు వెళ్లి సర్వే చేశారు. రాజధానిలో విడుదలైన గ్రాంటు ఎంత, బడికి నిజంగా చేరినది ఎంత అని పోల్చి చూశారు. 1991 నుంచి 1995 వరకు తలసరి గ్రాంటులో సగటున 13 శాతం మాత్రమే బడులకు చేరిందని తేలింది. ఎక్కువ బడులకు అసలేమీ అందలేదు. మిగిలినది జిల్లా స్థాయిలోనే ఇతర పనులకూ ఇతర చేతులకూ పోయింది.

అప్పుడు ఆ ప్రభుత్వం చేసిన పని చాలా చవకైనది. ఏ జిల్లాకు ఏ నెలలో ఎంత పంపిందో దినపత్రికల్లో అచ్చువేయించింది. తనకు అందిన సొమ్ము ఎంతో బడి గోడమీద రాయాలన్నది. దాంతో తన బడికి రావలసినది ఎంతో ప్రధానోపాధ్యాయుడికీ, తల్లిదండ్రులకూ తెలిసింది. 2001 నాటికి గ్రాంటులో 80 శాతానికి పైగా బడులకు చేరసాగింది. పత్రికా ప్రకటన ఒక్కటే ఈ మార్పు తేలేదనీ, అదే కాలంలో నిధుల బదిలీ పద్ధతిలో వచ్చిన ఇతర సంస్కరణలూ తోడ్పడ్డాయనీ కొందరు పరిశోధకులు అన్నారు. అది సబబే. అయినా ఒక విషయం నిలుస్తుంది. ఎంత పంపారో తెలియని వాడు ఎంత రాలేదో అడగలేడు.

గత రెండు మూడు దశాబ్దాలుగా వర్ధమాన దేశాలన్నిటా ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ సంస్కరణల పేరిట చాలా ఖర్చు జరిగింది. కొత్త చట్టాలు, కొత్త సాఫ్ట్‌వేర్లు, అంతర్జాతీయ సంస్థల కొలమానాలు వచ్చాయి. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మాట్ ఆండ్రూస్ ఈ సంస్కరణలను అనేక దేశాల్లో పరిశీలించి 2013లో ఒక గ్రంథం వెలువరించారు. ఆయన చూపిన ధోరణి ఇది: బడ్జెట్ తయారీ బాగుపడుతుంది, అమలు బాగుపడదు. చట్టం వస్తుంది, ఆచరణ రాదు. రాజధానిలోని ఆర్థిక శాఖ మారుతుంది, జిల్లా కార్యాలయం, బడి, ఆసుపత్రి మారవు. సంస్కరణ పైనుంచి బయలుదేరి చివరి బల్ల వరకు చేరకుండానే ఆగిపోతోంది.

మన రాష్ట్రాలు దీనికి మినహాయింపు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఏప్రిల్ నుంచి సి.ఎఫ్.ఎం.ఎస్. అనే సమగ్ర ఆర్థిక నిర్వహణ వ్యవస్థ వచ్చింది. తెలంగాణలో ఐ.ఎఫ్.ఎం.ఐ.ఎస్. ఉంది. కేంద్ర పథకాలకు 2021 జులై నుంచి ఒక్కో పథకానికి ఒకే నోడల్ ఖాతా పద్ధతి వచ్చింది. వీటి వల్ల మేలు లేదనను. ఫైలు మోసుకుని ట్రెజరీ చుట్టూ తిరిగే రోజులు తగ్గాయి. బిల్లు ఏ దశలో ఉందో తెలిసే వీలు కలిగింది. పథకాల సొమ్ము ఎక్కడెక్కడి బ్యాంకు ఖాతాలలోనో నిద్రపోవడం తగ్గింది. కానీ బిల్లు ఎవరి ముందు ఆగిందో యంత్రం చూపగలదే తప్ప, ఎవరి బిల్లు ముందు చెల్లించాలో యంత్రం నిర్ణయించదు. అది మనిషి నిర్ణయం. మొదట వడ్డీలు, జీతాలు, పింఛన్లు. తర్వాత పలుకుబడి గల కాంట్రాక్టరు. ఆ వరుసలో స్కాలర్‌షిప్పు విద్యార్థి ఎక్కడ నిలబడ్డాడో ఆ విద్యార్థికి తెలియదు. వరుస ఉన్నప్పుడు అది అందరికీ కనిపించాలి. కనిపించని వరుసలో వెనుకబడేది ఎప్పుడూ బలహీనుడే.

ప్రభుత్వం వద్ద డబ్బు లేనప్పుడు ఎక్కడినుంచి తెస్తుందన్న ప్రశ్న న్యాయమైనది. రాష్ట్రాలు అప్పుల్లో ఉన్నాయన్నది నిజమే. అయితే ఇబ్బందికి మూలం చాలావరకు బడ్జెట్ తయారీలోనే ఉంది. రాని ఆదాయాన్ని వస్తుందని రాసుకుని, దాని మీద అందరికీ కేటాయింపులు పంచిపెట్టి, ఆదాయం రానప్పుడు గుట్టుగా విడుదలలు ఆపడం పరిపాటి అయింది. సభ ఆమోదించిన బడ్జెట్టును సభకు చెప్పకుండానే కోసినట్లు ఇది. నాలుగువేల కోట్లని ప్రకటించి సగం ఇచ్చే ప్రభుత్వం కంటే, రెండున్నర వేల కోట్లే అని చెప్పి నెలనెలా తప్పకుండా ఇచ్చే ప్రభుత్వం పేదవాడికి ఎక్కువ మేలు చేస్తుంది. మనం అంకె పెద్దదైతే చాలునని చప్పట్లు కొట్టినంత కాలం నాయకులు మనకు అంకెలే ఇస్తారు.

మైనారిటీ సబ్‌ప్లాన్ కావాలన్న కోరికనూ ఈ వెలుగులోనే చూడాలి. ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళికలకు 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. 2017లో తెలంగాణ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేస్తూ ఖర్చుకాని మొత్తాన్ని మరుసటి ఏడాదికి బదలాయించాలన్న అంశాన్ని చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మైనారిటీల కాంపొనెంట్ చట్టం వచ్చింది. తెలంగాణలో సబ్‌ప్లాన్ హామీ 2023 ఎన్నికల వేళ మైనారిటీ డిక్లరేషన్‌లో వినిపించింది. చట్టం మంచిదే, కావలసిందే. కాని దళిత, ఆదివాసీ సంఘాల మిత్రులను అడిగితే చట్టం వచ్చిన తర్వాత అసలు పోరాటం మొదలైందని చెబుతారు. చట్టంలో విడుదలకు గడువు, ఖర్చుకాని నిధి బదలాయింపు, వివరాల బహిరంగ ప్రకటన లేకపోతే సబ్‌ప్లాన్ కూడా మరొక అంకెగానే మిగులుతుంది.

కాబట్టి మన కోరికల జాబితా మారాలి. ఒకటి, మైనారిటీ సంక్షేమ శాఖ పథకాల వారీగా, జిల్లాల వారీగా కేటాయింపు, విడుదల, చెల్లింపు వివరాలను ప్రతి నెలా తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రకటించాలి. రెండు, ఫీజులు, మెస్ చార్జీలు, గురుకులాల అద్దెలు, చిన్న జీతాలు, గౌరవ వేతనాలను ఆర్థిక శాఖ జీతాలతో సమానంగా మొదటి వరుసలో చేర్చాలి. మూడు, మూడు నెలలకొకసారి విడుదలల గడువును ముందే ప్రకటించి, తప్పితే కారణాన్ని శాసనసభకు తెలపాలి. నాలుగు, ప్రభుత్వ బకాయి కారణంగా ఏ విద్యార్థి ధ్రువపత్రాన్నీ ఏ కళాశాలా ఆపకుండా ఉత్తర్వు ఇచ్చి, దానిని అమలు చేయాలి. ఐదు, కాగ్ నివేదికల్లో ఈ శాఖ మీద వచ్చే వ్యాఖ్యలకు ఏ చర్య తీసుకున్నారో ప్రజా పద్దుల సంఘం ద్వారా వెల్లడించాలి. వీటిలో ఏ ఒక్కటీ ఖజానాకు కొత్త భారం కాదు. కావలసినది సంకల్పం.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇంటిని సర్దుకోవాలి. గడువు దాటిన దరఖాస్తులు, ఆధార్‌తో కలవని బ్యాంకు ఖాతాలు, పాఠశాల రికార్డులో ఒక తీరుగా, ఆధార్‌లో మరొక తీరుగా ఉన్న పేర్లు, వీటి వల్ల తిరస్కరణకు గురైనవారు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. షాదీఖానాకో కబ్రస్తాన్ ప్రహరీకో తొలి విడత సొమ్ము తీసుకుని వినియోగ పత్రం సమర్పించని కమిటీలు ఉన్నాయి. వినియోగ పత్రం వెళ్లకపోతే రెండో విడత రాదు. గోడ సగంలో ఆగుతుంది. నింద మాత్రం ప్రభుత్వం మీదకు పోతుంది. మన కమిటీల లెక్కలు మహల్లా ముందు చదివి వినిపించే ధైర్యం మనకు ఉంటేనే ప్రభుత్వం లెక్కలు అడిగే నైతిక బలం వస్తుంది.

అడిగే పద్ధతి మనకు కొత్త కాదు. 1994 చివర రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలీల మస్టర్ రోళ్లను ఊరి మధ్య చదివించి, చనిపోయినవారి పేరిట, ఊరు విడిచినవారి పేరిట రాసిన కూలీని బయటపెట్టింది. ఆ ఉద్యమమే 2005 నాటి సమాచార హక్కు చట్టానికి దారితీసింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన తర్వాత సామాజిక తనిఖీని రాష్ట్రమంతటా పద్ధతి ప్రకారం నడిపిన ఘనత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే. 2009లో అందుకోసం ప్రత్యేక సంస్థ కూడా ఏర్పడింది. ఊరి యువకులే రికార్డులు చదివి, ఇంటింటికీ వెళ్లి సరిచూసి, మండల స్థాయి బహిరంగ విచారణలో అధికారుల ముందు పెట్టారు. మట్టి పనికి సాధ్యమైన తనిఖీ స్కాలర్‌షిప్పుకూ, గురుకులానికీ, షాదీ ముబారక్‌కూ ఎందుకు సాధ్యం కాదు?

సమాచార హక్కు చట్టంలోని 4(1)(బి) నిబంధన ప్రకారం ప్రతి శాఖా తన బడ్జెటును, ఖర్చు నివేదికలను, రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ప్రకటించకపోతే దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్రాల నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా రుసుము లేదు. సమాధానానికి గడువు 30 రోజులు.

ప్రతి జిల్లాలో ఇద్దరు ముగ్గురు చదువుకున్న యువతీ యువకులు, వారికి తోడుగా లెక్కలు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి చాలు. జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయాన్ని నాలుగే ప్రశ్నలు అడగండి. ఈ ఆర్థిక సంవత్సరంలో ఏ పథకానికి ఎంత విడుదల ఉత్తర్వు వచ్చింది, ఏ తేదీన? ఎన్ని బిల్లులు ట్రెజరీకి పంపారు, వాటిలో ఎన్ని పాసయ్యాయి? ఎంత సొమ్ము లబ్ధిదారులకు చేరింది? మార్చి 31న ఎంత మురిగిపోయింది? జవాబులను ఒక నోటు పుస్తకంలో రాయండి, మసీదు నోటీసు బోర్డు మీద అంటించండి, శాసనసభ్యునికి ఒక ప్రతి ఇవ్వండి, మా పత్రికకూ పంపండి. అందిన జవాబులను జిల్లాల వారీగా ప్రచురిస్తాం. జవాబు ఇవ్వని కార్యాలయాల జాబితానూ ప్రచురిస్తాం.

వచ్చే బడ్జెట్ రోజున ఎంత ఇచ్చారని మంత్రిని అడిగే ముందు, నిరుడు ఇస్తామన్నది ఎంత చేరిందో చెప్పగల కాగితం మన చేతిలో ఉండాలి.